ఇతివృత్తం అంటే ఒక్క మాటా, కథంతానా?

తిరుపతిలో మా ఇంటి దగ్గర తొమ్మిది, పది చదివే పిల్లలకు సాయంత్రం తెలుగు చెప్తుంటాను. మొన్న ఒక అమ్మాయి "ఇతివృత్తం రాయమంటే ఒక్క మాట రాయాలా సార్, కథంతా రాయాలా?" అని అడిగింది. మంచి ప్రశ్న, ఎందుకంటే బడి వాచకం విషయసూచికలో 'ఇతివృత్తం' కింద దేశభక్తి, మానవ సంబంధాలు అని ఒకటి రెండు మాటలే ఉంటాయి. అదే పిల్ల రేపు డిగ్రీలో తెలుగు తీసుకుంటే 'ఇతివృత్తం నాటకానికి శరీరం' అన్న నాట్యశాస్త్రం మాట చదువుతుంది. దేశభక్తి శరీరం ఎట్లా అవుతుంది?

మాట విప్పి చూడండి. ఇతి అంటే ఇలా, వృత్తం అంటే జరిగినది. ఇలా జరిగింది, అంతే. కథ దేని గురించి అన్నది వేరు, అది కథావస్తువు, పొట్టిగా వస్తువు.

పిల్లలకు మా గంగమ్మ జాతర కథతోనే చెప్పాను, వాళ్లలో సగం మంది వేషాలు కట్టినవాళ్లే. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కుంటాడు. అమ్మ రోజుకో వేషంలో వెతుకుతుంది: తెల్లటి నామంకొమ్ము పూసుకుంటే బైరాగి, కుంకుమ పూసుకుంటే బండ, బొగ్గు పూసుకుంటే తోటి. చివరికి దొర వేషంలో వస్తే వాడు నమ్మి బయటికొస్తాడు, తల నరుకుతుంది. ఈ వరస ఇతివృత్తం. దొర వేషాన్ని మొదటి రోజుకు జరిపితే వెతుకులాట మొత్తం పోతుంది, వస్తువు మాత్రం అట్లాగే ఉంటుంది. అయితే ఆ తర్వాత అమ్మ మాతంగి వేషంలో వెళ్లి పాలెగాడి భార్యను ఓదార్చడం ఉంది చూశారా, అది తీసేస్తే ఒక్క సంఘటన తగ్గడమే కాదు, వస్తువే మారిపోతుంది, ఉత్త శిక్ష కథ మిగులుతుంది. ఇన్నేళ్లుగా జాతర చూస్తున్నా నాకు కూడా ఇది పాఠం చెప్తుంటేనే తట్టింది.

దొర వేషం ఘట్టాన్ని ఇప్పుడు పతాక సన్నివేశం అంటాం. నాటకం ఎట్లా ఉండాలో చెప్పే పాత లక్షణ గ్రంథాల్లో 'పతాక' అంటే వేరే, అసలు కథతో పాటు చాలా దూరం నడిచే ఉపకథ, రామాయణంలో సుగ్రీవుడి కథలాంటిది. కొద్దిసేపు కనిపించి పోయేది ప్రకరి. పై చదువులకు పోయే పిల్లలకు ఈ తేడా ముందే ఒక మాట చెప్పి ఉంచితే అక్కడ తికమక పడరు.

కింద వ్యాఖ్యల్లో ఒకరు "దశరూపకంలో వస్తువు అన్నా కథే కదండీ" అన్నారు. నిజమే. ఆ లక్షణ గ్రంథం రాసిన ధనంజయుడు 10వ శతాబ్దంలో వస్తువు, నేత (అంటే నాయకుడు), రసం అని మూడు చెప్పినప్పుడు ఆ వస్తువు మనం ఇక్కడ ఇతివృత్తం అంటున్నదే. తర్వాత ఆధునిక కథా విమర్శలో వస్తువు అన్న మాట 'దేని గురించి' వైపు జరిగింది. మాటలు అట్లా జరుగుతాయి, తప్పేం లేదు, కానీ రెంటికీ ఒకే మాట వాడితే పిల్లవాడికి రెండూ అందవు.

మరి పరీక్షలో ఏం రాయాలని అడిగినవారికి: విషయసూచిక అర్థంలో అడిగితే ఒక్క మాటే రాయమనండి. కథ ఇతివృత్తం వివరించమంటే మాత్రం ఏది ముందు, ఏది తర్వాత, దేనివల్ల ఏది జరిగిందో నాలుగైదు వాక్యాల్లో రాయాలి. మొన్న అడిగిన అమ్మాయికి అదే చెప్పాను.