జన్యు మ్యుటేషన్ల డేటాబేస్ అందరికీ ఓపెన్‌గా పెట్టాలా వద్దా?

గోదారిగట్టు:
మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ ముప్పు చెప్పే బీఆర్‌సీఏ జీన్ల టెస్ట్ చేయిస్తే రిపోర్ట్‌లో వీయూఎస్ అని వచ్చింది, అంటే జీన్‌లో మార్పు ఉంది గానీ అది ప్రమాదమో కాదో చెప్పలేం అని. ఇంకో ల్యాబ్ వాళ్లు అదే మార్పు నలుగురైదుగురిలో చూసే ఉంటారేమో, బయటికి చెప్తేగా. ప్రతి ల్యాబూ తన దగ్గరున్నవి క్లిన్‌వార్ అనే జీన్ మార్పుల డేటాబేస్‌లో పెట్టి తీరాలని రూల్ తేవాలంటా నేను.

పైపెట్‌బాబు:
క్లిన్‌వార్ 2013 నుంచి ఉంది, అమెరికా ప్రభుత్వానిదే, ఫ్రీగా చూడొచ్చు, కాకపోతే అందులో పెట్టాలా వద్దా అన్నది చాలావరకు ల్యాబ్‌ల ఇష్టం. బీఆర్‌సీఏ జీన్ల మీద పేటెంట్లు తీసుకుని ఆ టెస్టులు చేసిన మిరియడ్ కంపెనీ సంగతే చూడండి, సహజంగా ఉన్న డీఎన్ఏ మీద పేటెంట్ చెల్లదని అదే 2013లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసినా, ఏళ్ల తరబడి పోగేసిన బీఆర్‌సీఏ డేటా మాత్రం చాలాకాలం బయటికి ఇవ్వలేదు. డబ్బంతా అందులోనే ఉంది మరి.

శెట్టిగారబ్బాయి:
కంపెనీలు సరే, మా సంగతేంటి? వైశ్యుల్లో కొంతమందికి బీసీహెచ్‌ఈ జీన్‌లో మార్పు ఉంటుంది, ఆపరేషన్‌కి కండరాలు వదులయ్యే మందు సక్సినైల్‌కోలిన్ ఇస్తే మామూలుగా నిమిషాల్లో దిగిపోయేది వీళ్లకి గంటలు పడుతుంది, అప్పటిదాకా వెంటిలేటర్ మీదే. మత్తు డాక్టర్‌కి తెలియాల్సిందే, కాదనను. కానీ కులం పేరుతో సహా నెట్‌లో పెడితే రేపు పెళ్లిచూపుల్లో జాతకంతో పాటు దీన్నీ అడుగుతారు.

పైపెట్‌బాబు:
ఏ జనంలో ఎంత ఉందో తీసేస్తే డేటాబేస్ తప్పు చెప్తుంది బ్రో. 2016లో అమెరికాలో బయటపడింది, గుండె కండరం మందమయ్యే జబ్బు టెస్టుల్లో కొందరు నల్లజాతి పేషెంట్లకి హానిలేని మార్పుల్నే జబ్బు మార్పులని చెప్పేశారు, పోల్చడానికి వాళ్ల జనం డేటా సరిపడా లేక. మనకీ అదే గతి పడుతుంది.

శెట్టిగారబ్బాయి:
సౌత్ ఏషియా అని రాసుకోండి, చాలదా?

పైపెట్‌బాబు:
చాలదు. మీ బీసీహెచ్‌ఈ అంత పెద్ద లెక్కలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. ఏ మార్పు వల్ల ఏ జబ్బు అన్నది ఓపెన్‌గా ఉంచి, మనిషి మొత్తం జీనోమూ (అంటే డీఎన్ఏ అంతా) కులం వివరాలూ కమిటీ పర్మిషన్‌తోనే ఇవ్వాలి. మన ప్రభుత్వ ప్రాజెక్ట్ జీనోమ్ ఇండియా వాళ్ల 10,000 మంది డేటా ఫరీదాబాద్‌లో ఉంది, అదీ అడిగి తీసుకోవాల్సిందే.

గోదారిగట్టు:
కమిటీ అంటే ఎన్ని నెలలు పడుతుందండీ? మా పిన్ని డాక్టర్‌కి ఈ వారం కావాలి.

పైపెట్‌బాబు:
ఆవిడకి కావాల్సింది ఓపెన్ భాగంలోనే ఉంటుందండీ, ల్యాబ్‌లు పెడితే.

శెట్టిగారబ్బాయి:
ఆ కమిటీలో మా వాళ్లు ఒక్కరైనా ఉంటారా? ముందు అది చెప్పండి.