ఏ320 నడపడానికి జాయ్‌స్టిక్, థ్రాటిల్ ఎంపిక: సందేహం, సమాధానాలు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. కొంతకాలంగా ఇంటి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020ని ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌తో నడుపుతున్నాను. ఎక్కువగా ఫ్లైబైవైర్ బృందం ఉచితంగా ఇస్తున్న ఎయిర్‌బస్ ఏ320నియోలో శంషాబాద్ నుంచి గన్నవరం, విశాఖపట్నం, చెన్నై వంటి దగ్గరి ప్రయాణాలు చేస్తాను. సెలవు రోజుల్లో సెస్నా 172 కూడా నడుపుతుంటాను. కంట్రోలర్ మీది బొటనవేలి స్టిక్ చాలా చిన్నది కావడంతో దిగేటప్పుడు ముక్కు ఎత్తడం ప్రతిసారీ ఎక్కువో తక్కువో అవుతోంది. ఇరవై వేల రూపాయల లోపు ఏదైనా సరైన అమరిక కొనాలనుకుంటున్నాను.

స్టిక్, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే మీట) విడివిడిగా కొనడం మేలా, లేక రెండూ కలిసిన హోటాస్ జత మేలా? ఏ320లో కెప్టెన్ ఎడమ చేత్తో నడుపుతాడు కదా, నేనూ ఎడమ చేత్తోనే అలవాటు చేసుకోవాలా? కాళ్లతో నొక్కే పెడల్స్ తప్పనిసరా? తెలిసినవారొకరు వాడిన హోటాస్ ఒకటి తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. అది తీసుకోవచ్చా? నా బల్ల మామూలు కంప్యూటర్ బల్ల, కీబోర్డుకు కింద జరిగే పలక ఉంది.

మొదటి సమాధానం

మీరు నడిపే విమానం ఏదో ముందే చెప్పడం మంచిదైంది. చాలామంది ఆ సంగతి చెప్పకుండా ఏ పరికరం మంచిదని అడుగుతారు. దానికి జవాబు ఉండదు. పైలట్ చేతుల్లో ఏ చేతికి ఎంత పని ఉంటుందో చూసుకుని, ఎక్కువ పని ఉన్న చేతికి ఎక్కువ డబ్బు పెట్టాలి. ఆ లెక్కన ఏ320 నడిపేవారు ముందు మంచి స్టిక్ కొని, విడి థ్రాటిల్‌ను తరువాతకు వాయిదా వేసుకోవచ్చని నా అభిప్రాయం.

ఏ320లో టేకాఫ్‌కు థ్రస్ట్ లివర్లను ఫ్లెక్స్ (తగ్గించిన శక్తి) గాటులోకో, టోగా (పూర్తి శక్తి) గాటులోకో తోస్తారు; గాటు అంటే లివర్ ఆగే స్థానం. నేల నుంచి సుమారు 1,500 అడుగులు ఎక్కాక (ఈ ఎత్తు విమాన సంస్థను బట్టి మారుతుంది) ఎదుటి తెర మీద లివర్లను క్లైమ్‌కు తెమ్మనే సూచన మెరుస్తుంది, అప్పుడు వాటిని క్లైమ్ గాటులోకి వెనక్కి లాగుతారు. ఆ తరువాత ఇంజిన్ల శక్తిని ఆటోథ్రస్ట్ చూసుకుంటుంది. శక్తి పెరిగినా తగ్గినా లివర్లు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. మామూలు ప్రయాణంలో, రన్‌వేకు 20 అడుగుల ఎత్తున విమానమే "రిటార్డ్" అని పలికేవరకు వాటిని కదిలించే అవసరం దాదాపుగా రాదు. బోయింగ్ 737 దీనికి భిన్నం. అందులో ఆటోథ్రాటిల్ లివర్లను కూడా ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఇంట్లో వాడే సాధారణ థ్రాటిల్‌లో మోటారు ఉండదు కనుక, ఆ విమానంలో చేతి కింది లివర్ ఒకచోట, తెర మీది లివర్ మరోచోట ఉంటాయి. ఎయిర్‌బస్ నడిపేవారికి ఆ చిక్కు లేదు.

స్టిక్ విషయంలోనూ మీ విమానం మీకు అనుకూలమే. సెస్నాలో చుక్కాని పలకల మీద గాలి ఒత్తిడి తీగల గుండా నేరుగా చేతికి తెలుస్తుంది. ఏ320 సైడ్‌స్టిక్‌లో తెలిసేది స్ప్రింగు బిగువు మాత్రమే, కదలికను కంప్యూటర్లే అర్థం చేసుకుంటాయి. అందువల్ల ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (మోటారుతో చేతికి ఒత్తిడి తెలిపే ఏర్పాటు) లేని చవక స్టిక్ కూడా అసలు అనుభవానికి మరీ దూరంగా ఉండదు. అయితే ఒక అలవాటు మార్చుకోవాలి: కాస్త కదిలించి, కావలసిన వంపు రాగానే వదిలేయాలి. మామూలు ప్రయాణంలో 33 డిగ్రీల వరకు పక్కకు వంచి స్టిక్ వదిలితే విమానం ఆ వంపులోనే ఉంటుంది, ట్రిమ్ (చేయి పట్టకుండానే ముక్కును ఉన్న కోణంలో నిలిపే సర్దుబాటు) కూడా అదే సర్దుకుంటుంది. కంట్రోలర్‌తో నేర్చుకున్నవారు స్టిక్‌ను పట్టుకునే ఉండి, ఆపైన విమానం ఊగుతోందని స్టిక్‌ను తప్పుపడతారు.

ఇక కొనేటప్పుడు చూడవలసింది సెన్సర్. చవక స్టిక్‌లలో పొటెన్షియోమీటర్ ఉంటుంది. లోపల ఒక స్పర్శ పట్టీ మీద రాసుకుంటూ కదిలే భాగం అరిగినా, దుమ్ము పట్టినా మధ్యస్థానంలో విలువ నిలకడ తప్పుతుంది. హాల్ సెన్సర్‌లో అయస్కాంతం ఉంటుంది, రాసుకునే భాగమే ఉండదు. మీ అవసరానికి థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం కానీ, దాని ఆధారంగానే రూపొందించిన టీసీఏ సైడ్‌స్టిక్ ఎయిర్‌బస్ ఎడిషన్ కానీ సరిపోతాయి. రెండింటిలోనూ ముందువెనకలకు, పక్కలకు హాల్ సెన్సర్లే ఉన్నాయి. పిడిని మెలితిప్పితే రడ్డర్ (ముక్కును ఎడమకు, కుడికి తిప్పే తోక పలక) పని చేస్తుంది, అడుగున చిన్న థ్రాటిల్ జారుడు మీట కూడా ఉంటుంది. అంటే మొదటి రోజే ఒక్క పరికరంతో నాలుగు అక్షాలూ మీ చేతికి వస్తాయి. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో ఇంకా చవక. మెలి రడ్డర్ దానికీ ఉంది కానీ అందులో ఉన్నవి పొటెన్షియోమీటర్లు, పిడి కుడి చేతికి మాత్రమే తగిన ఆకారంలో ఉంటుంది.

ఎడమ చేతి సంగతికి వస్తే, పైన చెప్పిన థ్రస్ట్‌మాస్టర్ స్టిక్‌లు రెండింటి పిడి భాగాలను మార్చి ఎడమ చేతికి అమర్చుకోవచ్చు. కానీ కుడిచేతి వాటం ఉన్నవారు అంత శ్రమ పడనక్కరలేదు. ఏ320లో కుడి సీటులో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్ కుడి చేత్తో స్టిక్, ఎడమ చేత్తో థ్రస్ట్ లివర్లు పట్టుకుంటారు. సిమ్యులేటర్‌లో కెమెరాను కుడి సీటుకు మార్చుకుంటే మీ బల్ల అమరిక అసలు కాక్‌పిట్‌తో సరిగ్గా సరిపోతుంది. కొత్తగా విమాన సంస్థలో చేరే పైలట్లు ఎలాగూ ఆ సీటు నుంచే మొదలుపెడతారు!

రెండవ సమాధానం

పై సభ్యుని మాటల్లో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, థ్రాటిల్‌ను అంత తేలిగ్గా వాయిదా వేయడం నాకు నచ్చలేదు. లివర్‌ను ఎంతసేపు కదిలిస్తామన్నది ఒక్కటే లెక్క కాదు, ఎప్పుడు కదిలిస్తామన్నది కూడా చూడాలి. టేకాఫ్‌లో కళ్లు రన్‌వే మీద ఉండాలి. ఆ సమయంలో చేయి క్లైమ్ గాటు దగ్గర ఉందో, దాన్ని దాటిందో స్పర్శతోనే తెలియాలి. స్టిక్ అడుగున ఉండే పొట్టి జారుడు మీటలో ఆ గాట్లు ఉండవు. థ్రస్ట్‌మాస్టర్ వారి విడి థ్రాటిల్ పెట్టె టీసీఏ క్వాడ్రంట్ ఎయిర్‌బస్ ఎడిషన్‌లో ఐడిల్, క్లైమ్, ఫ్లెక్స్, టోగా స్థానాల దగ్గర లివర్ ఆగడం చేతికి తెలుస్తుంది, రెండు ఇంజిన్లకు రెండు లివర్లు ఉంటాయి. ఒక ఇంజిన్ ఆగిపోయినప్పటి సాధన చేయాలంటే రెండు లివర్లు కావలసిందే.

హనీకోంబ్ బ్రావో క్వాడ్రంట్ గురించి కూడా చాలామంది చెబుతారు. ట్రిమ్ చక్రం, ఆటోపైలట్ మీటలు, మార్చుకోగల లివర్లు ఉండే ఆ పరికరం చాలా బాగుంటుంది, ముఖ్యంగా సెస్నా, బోయింగ్, ఏటీఆర్ అన్నీ నడిపేవారికి. అయితే అది మీ బడ్జెట్‌కు అందేది కాదు, మీ బల్ల మీద పట్టేదీ కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రస్తుతానికి స్టిక్ ఒక్కటే కొని, క్వాడ్రంట్ తరువాత చూద్దామనిపిస్తోంది. గాట్లు లేని మీటతో అప్పటివరకు ఎలా నెట్టుకురావాలి? పెడల్స్ గురించి, ఆ పాత హోటాస్ గురించి కూడా చెప్పగలరు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

గాట్లకు ఒక ఉపాయం ఉంది. ఫ్లైబైవైర్ విమానంలో పైలట్ పక్కన ఉండే ఫ్లైప్యాడ్ అనే పలకలో థ్రాటిల్‌ను అమర్చుకునే పేజీ ఉంటుంది. అక్కడ ఒక్కొక్క గాటుకూ ఇక్కడి నుంచి ఇక్కడి వరకు అని ఒక పరిధి ఇవ్వవచ్చు. క్లైమ్‌కు ఆ పరిధిని కొంచెం వెడల్పుగా ఇచ్చి, మీట పక్కన ప్లాస్టిక్ మీద సన్నని టేపు ముక్క అంటించండి. వేలి కొసకు టేపు అంచు తగిలినప్పుడు క్లైమ్‌లో ఉన్నట్టు. అది గాటుకు సాటి రాదు, ఆ విషయంలో రెండవ సభ్యుని మాటే సరైనది. కానీ పని జరుగుతుంది.

రేపు క్వాడ్రంట్ కొన్నప్పుడు మాత్రం ఒక విషయం తప్పక గుర్తుంచుకోండి. కొత్త పరికరం తగిలించగానే సిమ్యులేటర్ దానికి తనంతట తానే థ్రాటిల్ పని అప్పగిస్తుంది కానీ, స్టిక్ అడుగున ఉన్న పాత మీటకు ఇచ్చిన అదే పనిని తీసివేయదు. రెండు అక్షాలు ఒకే థ్రాటిల్‌ను లాగుతుంటే టేకాఫ్ పరుగు మధ్యలో శక్తి ఉన్నట్టుండి పడిపోతుంది. పరికరం పాడైందని దుకాణానికి తిరిగి పంపేముందు, సెట్టింగులలో స్టిక్ పేరు కింద ఉన్న థ్రాటిల్ కేటాయింపును చెరిపివేసి చూడాలి. వేర్వేరు సంస్థల పరికరాలను కంప్యూటర్‌లో కలిపి వాడటానికి ఏ అభ్యంతరమూ లేదు. ఎక్స్‌బాక్స్‌లో మాత్రం దానికోసం తయారుచేసిన నమూనాలే పనిచేస్తాయి.

స్టిక్ వచ్చాక సెట్టింగులలోని సున్నితత్వపు వక్రరేఖను (స్టిక్ కదలికకు విమానం ఎంత స్పందించాలో చెప్పే గీతను) మరీ వంచకండి. మధ్యలో మెత్తగా ఉండాలని దాన్ని బాగా వంచితే, కొసలకు వెళ్లేకొద్దీ స్పందన ఒక్కసారిగా పెరిగి, ముక్కు ఎత్తే సమయంలో మీకు ఇప్పుడున్న ఇబ్బందే మళ్లీ ఎదురవుతుంది. డెడ్ జోన్ (మధ్యలో స్టిక్ కాస్త కదిలినా స్పందన లేని పరిధి) కూడా అంతే: చేయి తీసేసినప్పుడు విలువ కదలకుండా ఉండేంత చిన్నదిగా ఇస్తే చాలు.

మూడవ సమాధానం

నేను ఎక్కువగా సెస్నా 172 నడుపుతాను కనుక పెడల్స్ గురించి చెబుతాను. ఏ320కి అవి తప్పనిసరి కావు. గాలిలో మలుపుల సమన్వయాన్ని విమానం చూసుకుంటుంది, పక్కగాలిలో దిగేటప్పుడు మెలి రడ్డర్‌తో ముక్కును రన్‌వేకు సరిచేసుకోవచ్చు. సెస్నా విషయం వేరు. టేకాఫ్‌లో పూర్తి శక్తి ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ పట్టే ఉంచాలి. అదే సమయంలో స్టిక్‌ను సున్నితంగా వెనక్కి లాగాలి. మణికట్టును మెలితిప్పి ఉంచి వెనక్కి లాగితే చేయి తెలియకుండానే పక్కకు కూడా వంగుతుంది. ఈ ఇబ్బంది ఎంత మంచి స్టిక్ కొన్నా పోదు, కాళ్లకు పని అప్పగిస్తేనే పోతుంది.

ట్రిమ్ గురించి కూడా ఒక మాట. అసలు సెస్నాలో ట్రిమ్ చక్రం తిప్పుతుంటే చేతి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇంట్లోని స్టిక్‌లో స్ప్రింగు మధ్యస్థానం మారదు కనుక, ట్రిమ్ ఇస్తున్నకొద్దీ స్టిక్‌ను కొంచెం కొంచెంగా మధ్యకు వదలాలి. స్టిక్ మీది రెండు బటన్లను ట్రిమ్‌కు కేటాయించుకోండి, కీబోర్డు వైపు చేయి చాపే పని ఉండదు.

రెండవ సమాధానం ఇచ్చినవారు

పాత హోటాస్ గురించి. అది యుద్ధవిమానాల నమూనాలో చేసినదైతే, ముందు మెలి రడ్డర్ ఉందో లేదో అడగండి. ఉదాహరణకు ఏ-10సీ నమూనాలో లోహంతో చేసిన థ్రస్ట్‌మాస్టర్ వార్ట్‌హాగ్ ఎంతో దృఢమైనదే కానీ, దాని స్టిక్ మెలి తిరగదు. పెడల్స్ విడిగా కొనకపోతే మీకు రడ్డరే ఉండదు. డీసీఎస్ వంటి యుద్ధ సిమ్యులేటర్లలో చేయి తీయకుండా రాడార్‌ను, ఆయుధాలను నడపడానికి అన్ని బటన్లు కావాలి. ఏ320లో వాటిలో సగం ఖాళీగా ఉంటాయి.

అయినా ధర నచ్చితే, మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడే పరీక్షించండి. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరిస్తే ప్రతి అక్షం కదలిక కనబడుతుంది. స్టిక్ నుంచి చేయి తీసి గుర్తు మధ్యలో నిలకడగా ఉందో లేదో చూడండి. తరువాత నాలుగు మూలలకూ మెల్లగా తిప్పి, గుర్తు ఎక్కడైనా ఎగిరిపడుతోందేమో గమనించండి. అన్నిటికంటే ముందు అరిగేది తరచుగా మెలి అక్షమే. ముందువెనకలకు హాల్ సెన్సర్ ఉన్న టీ.16000ఎంలో కూడా మెలికి పొటెన్షియోమీటరే ఉంటుంది, కనుక దాన్ని రెండు వైపులకూ తిప్పి వదిలి, సున్నాకు తిరిగి వస్తోందో లేదో విడిగా చూడాలి. థ్రాటిల్‌ను అతి నెమ్మదిగా జరపండి. తీగ దగ్గర కదిలించి యూఎస్‌బీ తెగిపోవడం లేదని రూఢి చేసుకోండి. మధ్యలో గుర్తు వణుకుతుంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

ప్రశ్న అడిగినవారు

చివరిగా ఒక్కటి. స్టిక్‌ను బల్ల మీద పెట్టాలా, కీబోర్డు పలక మీద పెట్టాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఎత్తు సరిపోయేది పలకే, కానీ జరిగే పలక స్టిక్ లాగినప్పుడల్లా మీ వైపు వస్తుంది. దాన్ని రెండు సీ క్లాంపులతో బిగించగలిగితే అక్కడే పెట్టండి. ముంజేయి నేలకు సమాంతరంగా, మోచేయి కుర్చీ చేతి మీద ఆనేలా ఉండాలి. సైడ్‌స్టిక్‌ను మణికట్టుతో నడపాలి, భుజంతో కాదు. అసలు విమానంలో ముంజేతికి విడిగా ఆనుడు ఉండటం అందుకే. పలక బిగువు కాకపోతే బల్ల మీదనే పెట్టి కుర్చీ ఎత్తు పెంచుకోండి. స్టిక్‌ను యూఎస్‌బీ హబ్‌కు కాక, కంప్యూటర్ వెనక ఉన్న పోర్టుకే నేరుగా తగిలించండి. విండోస్ పవర్ సెట్టింగులలో యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే అంశాన్ని ఆపివేయండి. గంట సేపు ఆటోపైలట్ మీద వెళ్లి, దిగే ముందు స్టిక్ పట్టుకుంటే స్పందన లేకపోవడానికి అది కూడా ఒక కారణం.