చెస్‌లో మూడెత్తుల మేట్ దగ్గర పాప ఊహించి ఆడేస్తోంది, ఏం చేయాలి?

బ్రాడీపేట అమ్మ:
కోనేరు హంపి 2024లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచిన దగ్గర్నుంచి మా పాప బోర్డు వదలడం లేదండీ. పదేళ్లు. ఫోన్ యాప్‌లో రెండెత్తుల మేట్ పజిల్స్ (రెండెత్తుల్లో అవతలి రాజు తప్పించుకోకుండా కట్టేయాలి) గబగబా చేసేస్తుంది. మూడు, నాలుగు ఎత్తులవైతే మాత్రం కనపడిన మొదటి చెక్ (రాజు మీద దాడి చేసే ఎత్తు) నొక్కేస్తుంది. తప్పయితే ఇంకోటి. నిన్న రాత్రి ఏడ్చేసింది కూడా. మీ పిల్లల చేత ఎలా చేయించారు?

పటమట నాన్న:
మావాడిదీ ఇదే కథ. మనం ఎత్తు వేయగానే అవతలి ఎత్తు యాపే వేసేస్తుంది కదా, లెక్క వేసే పని పిల్లలకి తప్పిపోతోంది. ఫోన్ పక్కన పెట్టించి, బోర్డు మీద పేర్పించి, వరస మొత్తం నోట్‌బుక్కులో రాశాకే పావు ముట్టుకోమన్నాను. మొదట్లో రోజుకి మూడు పజిల్స్ కూడా అయ్యేవి కాదు. అయినా మానలేదు.

కొత్తపేట మాస్టారు:
అమ్మా, ఇది పేర్చి ఇవ్వండి (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస). తెల్ల: రాజు జీ1, మంత్రి సీ4, గుర్రం జీ5. నల్ల: రాజు హెచ్8, రూక్ (ఏనుగు) ఏ8, మంత్రి బీ2, బంట్లు జీ7, హెచ్7. ఎత్తు తెల్లది, నాలుగెత్తుల్లో మేట్.

చాలామంది పిల్లలు ముందే మంత్రిని జీ8కి తోసేస్తారు. రూక్ కొడితే గుర్రం ఎఫ్7, అయిపోయింది అంటారు. రాజే కొట్టేస్తే? జీ5లో ఉన్న గుర్రం జీ8ని కాయడం లేదు.

అసలు వరస: గుర్రం ఎఫ్7 చెక్, రాజు జీ8కి రావాల్సిందే. తర్వాత గుర్రం హెచ్6. గుర్రం, మంత్రి రెండూ చెక్ ఇస్తున్నాయి, గుర్రాన్ని కొట్టినా మంత్రి చెక్ మిగులుతుంది, కాబట్టి రాజు కదలాల్సిందే. రాజు ఎఫ్8కి పోతే మంత్రి ఎఫ్7 మేట్. హెచ్8కి పోతే ఇప్పుడు మంత్రి జీ8! గుర్రం కాపు కాస్తోంది గనక రాజు కొట్టలేడు, రూకే కొట్టాలి. మళ్లీ గుర్రం ఎఫ్7. సొంత రూక్, సొంత బంట్ల మధ్య రాజుకి కదిలే చోటే లేదు.

తను ఏ ఎత్తు చెప్పినా ఒక్కటే అడగండి: "వాడికి ఇంకే దారి ఉంది?" వాడు మనకి అనుకూలంగా ఆడతాడని నమ్మినంతసేపు అది మేట్ కాదు.

గుణదల అక్క:
అన్నీ రాయమంటే మా అమ్మాయికి ఆట మీదే విసుగు వచ్చేసిందండీ. అందుకని రాజు పారిపోగలిగే ప్రతి గడి మీద ఒక శనగపప్పు బద్ద పెట్టించాను. మన పావు ఆ గడిని కాస్తే బద్ద తీసేయాలి. ఏ గడి మిగిలిందో కంటికే కనపడుతుంది. ఇంకో మాట, ప్రతి ఎత్తూ చెక్కే కానక్కర్లేదు. చెక్ లేకుండా దారి మూసేసే ఎత్తులున్న పజిల్స్ కూడా ఇవ్వండి, అవే కష్టం.

బ్రాడీపేట అమ్మ:
మాస్టారూ, ఇవాళే పేర్చి ఇచ్చాను. మీరన్నట్టే ముందు మంత్రిని జీ8లో పెట్టింది. నేను రాజుతో కొట్టేశాను. మాట్లాడలేదు, మంత్రిని తీసి మళ్లీ సీ4లో పెట్టుకుని కూర్చుంది. అన్నానికి పిలిచినా రాలేదు. చాలాసేపటికి, "అమ్మా, గుర్రం హెచ్6 వేశాక రాజు ఎఫ్8కి పోతే?" అని తనే అడిగింది. అక్కా, రేపు శనగపప్పు కూడా చూస్తాం.