దక్కన్ మ్యాప్‌తో సర్వైవల్ గేమ్: నాలుగు బార్లలో ఏవి తీసేయాలి?

కొండాపూర్_కోడర్:
హైదరాబాద్‌లో ముగ్గురం కలిసి యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో ఓపెన్ వరల్డ్ (ఎటైనా తిరగగలిగే) సర్వైవల్ (ప్రాణం నిలబెట్టుకునే) గేమ్ చేస్తున్నాం. 4 కి.మీ. × 4 కి.మీ. మ్యాప్: గుట్టలు, మెట్లబావులు, నడి ఎండాకాలం. ఆకలి, దాహం, ఒంటి వేడి, నిద్ర అని తెర మీద తగ్గుతూ పోయే నాలుగు బార్లున్నాయి. ఆడి చూసినవాళ్లు ‘అన్ని గేములూ ఇంతేగా’ అంటున్నారు. ఏది ఉంచాలి? కో-ఆప్ (కొందరు కలిసి ఆడటం) తర్వాత కలపొచ్చా?

బండరాయి:
దాహం ఒక్కటే ఉంచండి. బార్ తగ్గినప్పుడల్లా ఏదో ఒకటి తినడం చాకిరీ, అందులో ఆటగాడు తేల్చుకోవాల్సిందేమీ లేదు. సముద్రంలో సాగే సబ్నాటికా గేమ్‌లో ఆకలిదప్పులున్నా అసలు ఉత్కంఠ ఆక్సిజన్‌తోనే: ఇంకా దిగాలా, వెనక్కి తిరగాలా? వాల్‌హైమ్ గేమ్‌లో తినకపోయినా చావరు, తింటే హెల్త్, స్టామినా పెరుగుతాయి.

మీ మ్యాప్‌ని నీళ్లతో కొలవండి. దాహం 100, ఎండలో నిమిషానికి 8 తగ్గుతుంది, నడక సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. బావుల మధ్య 1200 మీటర్లుంటే 5 నిమిషాలు, 40 పాయింట్లు. తీరా వెళ్తే ఆ బావి ఎండిపోయి ఉంటే? తిరిగి రావడానికి ఇంకో 40. వెతకడానికి మిగిలేది 20, అంటే రెండున్నర నిమిషాలు. గేమంతా ఆ రెండున్నర నిమిషాల్లోనే ఉంది. 40 పాయింట్ల నీళ్లు పట్టే తోలుతిత్తి చేసుకుంటేనే ఆపై ప్రాంతానికి వెళ్లగలగాలి.

బావులను ఊరికే ర్యాండమ్‌గా చల్లితే రెండు పక్కపక్కనే పడి బిగువంతా పోతుంది. పాయిసన్ డిస్క్ శాంప్లింగ్ (ఏ రెండూ మరీ దగ్గర పడకుండా చల్లే పద్ధతి)లో కనీస దూరం 1000 మీటర్లు పెట్టండి, మొదటి మూడు బావులు మాత్రం చేత్తోనే పెట్టాలి. నీళ్లెన్ని ఉన్నాయో అంకెల్లో చూపించొద్దు. మెట్ల మీద తడి ఆనవాలు ఎక్కడిదాకా ఉందో చూసి ఆటగాడే పోల్చుకోవాలి. గ్రానైట్ బండలు పొద్దుగూకినా వెంటనే చల్లారవు కాబట్టి రాత్రి తొలిజాములో దాహం తగ్గుదల నిమిషానికి బండల మధ్య 6, చెట్ల కింద 3 పెట్టండి.

సేవ్‌ఫైల్:
కో-ఆప్ సంగతి ఈరోజే తేల్చుకోండి. చెట్టు నరకడం, తలుపు తీయడం, ఇన్వెంటరీ (దగ్గరున్న సామాను) అన్నీ సర్వర్ (ఆటలో ఏం జరిగిందో తేల్చే ప్రోగ్రామ్) ఒప్పుకుంటేనే జరగాలి, ఒక్కరే ఆడినా లోపల లోకల్ సర్వర్ నడవాలి. తర్వాత కలపాలంటే దాదాపు మొత్తం తిరగరాయడమే.

సేవ్‌లో సీడ్ (మ్యాప్‌ని మళ్లీ అలాగే పుట్టించే మొదటి అంకె), ఆటగాడు మార్చినవి మాత్రమే దాచండి. ఇక్కడొక ఉచ్చుంది: చెట్లకూ రాళ్లకూ ఒకే ర్యాండమ్ జనరేటర్ వాడితే, అప్‌డేట్‌లో కొత్త రాయి కలపగానే తర్వాతి అంకెలన్నీ పక్కకు జరిగిపోతాయి. నరికిన 57వ చెట్టు ఇంకోచోట మాయమవుతుంది, ఇంటి మధ్యలో మర్రి మొలుస్తుంది. చంక్ (మ్యాప్‌లో ఒక ముక్క) కోఆర్డినేట్లు, వస్తువు రకం కలిపి హ్యాష్ చేసి (ఒకే అంకెగా మార్చి), దేని సీడ్ దానికివ్వండి. సేవ్ ఫైల్లో వెర్షన్ నంబర్ మొదటిరోజు నుంచే ఉండాలి.

మ్యాప్ మధ్యలో సున్నా పెట్టుకుంటే మూలకు 2.8 కి.మీ.లే, ఫ్లోట్ వణుకు (సున్నాకు మరీ దూరమైతే దశాంశాల కచ్చితత్వం తగ్గి బొమ్మలు వణకడం) బెడద ఉండదు.

కొండాపూర్_కోడర్:
నిద్ర తీసేస్తే రాత్రి గడిచేదెలా? డెమోలో ఎంత ఇవ్వాలి?

బండరాయి:
బావి దగ్గర మంచం వేస్తే తెల్లారిపోవాలి, కానీ ఆ రాత్రికి 20 పాయింట్ల నీళ్లు ఖర్చవ్వాలి. గేములమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడితే రీఫండ్ అడగొచ్చు, కాబట్టి తోలుతిత్తి 40 నిమిషాల్లో చేతికి రావాలి. డెమోలో తిత్తి కుట్టి, మొదటి దూరపు బావి చేరేదాకా ఇవ్వండి. స్టీమ్ జరిపే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, విడుదలకు ముందు వచ్చేదానికి అట్టిపెట్టుకోండి. స్టోర్ పేజీలో మొదటి స్క్రీన్‌షాట్ గొడ్డలితో చెట్టు నరికేది వద్దు, మెట్లబావిలోకి దిగుతున్నది పెట్టండి.