ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టాక యాప్ లోగో దగ్గరే ఆగిపోతోంది, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

మధిర_కుర్రాడు:
అందరికీ నమస్తే. నాన్న ఫోన్లో బెట్టింగ్ యాడ్స్ మరీ ఎక్కువైపోయాయని దసరాకి ఊరెళ్లినప్పుడు ఫోన్ సెట్టింగుల్లోని ప్రైవేట్ డీఎన్ఎస్‌లో (డీఎన్ఎస్ అంటే సైట్ పేరు అడిగితే దాని నెట్ అడ్రస్ చెప్పే సర్వీసు) యాడ్స్ ఆపే యాడ్‌గార్డ్ సర్వర్ పేరు పెట్టి వచ్చాను. యాడ్స్ పోయాయి, ఆయన సంతోషపడ్డారు. ఇప్పుడేమో కరెంటు బిల్లు కట్టే యాప్ తెరిస్తే లోగో వస్తుంది, కింద చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్యాష్ క్లియర్ చేశాం, యాప్ తీసేసి మళ్లీ వేశాం, ఫోన్ రీస్టార్ట్ చేశాం. ప్రైవేట్ డీఎన్ఎస్ ఆఫ్ చేస్తే మాత్రం వెంటనే తెరుచుకుంటోంది. నేనుండేది బెంగళూరు, ఏం చేయాలన్నా నాన్నకి ఫోన్లో చెప్పి చేయించాలి. గడువు శుక్రవారం, టెన్షన్‌గా ఉంది.

వైర్‌మ్యాన్:
ముందు ఆఫ్ చేయించి బిల్లు కట్టించెయ్ తమ్ముడూ. మిగతాది తీరిగ్గా చూద్దాం.

నెట్_శీను:
నాకు ఒక బస్సు టికెట్ల యాప్‌తో అచ్చం ఇలాగే అయింది. యాప్ తెరవగానే తన సర్వర్ ఒక్కదాని దగ్గరికే వెళ్లదు. వాడకం లెక్కలు తీసుకునేది, క్రాష్ అయితే రిపోర్టు పంపేది, ప్రకటనలు తెచ్చేది, ఇలా ఇంకా చాలావాటి పేర్లు అడుగుతుంది. యాడ్స్ ఆపే డీఎన్ఎస్ వాటికి 0.0.0.0 అని ఉత్తుత్తి అడ్రస్ ఇస్తుంది, లేదా అలాంటి పేరే లేదంటుంది. జాగ్రత్తగా రాసిన యాప్ దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. కొన్ని మాత్రం అక్కడే కూర్చుంటాయి. ఇది రాసినవాళ్ల తప్పే అని నా అభిప్రాయం. బిల్లు కట్టడానికి ప్రకటనల సర్వర్‌తో పనేంటి?

ఒక పరీక్ష చెయ్యి. పేరు మార్చి 'అన్‌ఫిల్టర్డ్ డాట్ యాడ్‌గార్డ్-డీఎన్ఎస్ డాట్ కామ్' పెట్టించు. అదే కంపెనీ, కానీ దేన్నీ ఆపదు. దాంతో యాప్ తెరుచుకుంటే అడ్డం పడుతున్నది బ్లాక్ లిస్టు, అంటే ఆపాల్సిన పేర్ల జాబితా. అప్పటికీ తెరుచుకోకపోతే గొడవ వేరే చోట ఉంది.

సత్తుపల్లి_రమ:
ఆ వేరే చోటు నాకు తెలుసు. మా హాస్టల్ వైఫైలో ఏ యాప్ పనిచేసేది కాదు, మొబైల్ డేటాలో అన్నీ బానే ఉండేవి. మామూలు డీఎన్ఎస్ 53వ పోర్టులో (పోర్టు అంటే నెట్‌లో నంబరు వేసిన దారి లాంటిది) వెళ్తుంది, ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ టీఎల్ఎస్‌తో, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా, 853లో వెళ్తుంది. హాస్టల్ వాళ్లు 853 మూసేశారు. పేరు టైప్ చేసి పెడితే ఫోన్ మామూలు దారికి మళ్లదు, నెట్ లేదని ఊరుకుంటుంది. 'ఆటోమేటిక్' పెడితే కుదిరినచోట ప్రైవేట్, కుదరనిచోట మామూలు. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చినప్పటి నుంచీ ఇంతే. కాకపోతే ఆటోమేటిక్‌లో యాడ్స్ ఆగవు, నెట్ కంపెనీ ఇచ్చిన డీఎన్ఎస్సే వాడుతుంది.

గుంటూరు_లక్ష్మి:
తేదీ కూడా చూసుకోండి. అమ్మ ఫోన్ బ్యాటరీ మార్చి ఇచ్చాక నెట్ పూర్తిగా పోయింది. రెండు గంటలు సెట్టింగులన్నీ తిప్పాను. చివరికి చూస్తే ఫోన్లో తేదీ ఎప్పటిదో పాతది ఉంది. తేదీ తప్పయితే సర్వర్ సర్టిఫికెట్ (అది అసలు సర్వరే అనే రుజువు) చెల్లదనుకుని ఫోన్ కనెక్షన్ తెంచేస్తుంది.

మధిర_కుర్రాడు:
బిల్లు కట్టేశాం. వైర్‌మ్యాన్ అన్నా, థ్యాంక్స్. తేదీ సరిగ్గానే ఉంది. శీనన్న చెప్పిన పేరు పెట్టిస్తే యాప్ తెరుచుకుంది. అంటే బ్లాక్ లిస్టే. కానీ ఇలాగే వదిలేస్తే బెట్టింగ్ యాడ్స్ మళ్లీ వస్తాయి, అది మాత్రం నాకు ఇష్టం లేదు.

నెట్_శీను:
యాడ్‌గార్డ్ లాగే యాడ్స్ ఆపే సర్వీసు నెక్స్ట్‌డీఎన్ఎస్ ఉంది, అందులో అకౌంట్ తీసుకో. నీకంటూ ఒక పేరు ఇస్తారు, అది నాన్న ఫోన్లో ఒక్కసారి పెడితే చాలు. ఏ పేరు ఆగిందో నీకు బెంగళూరులో లాగ్‌లో (ఫోన్ అడిగిన పేర్ల చిట్టాలో) కనిపిస్తుంది, అక్కడి నుంచే అనుమతించొచ్చు. నెలకి 3 లక్షల క్వెరీల వరకు ఉచితం, ఫోన్ ఒక పేరు అడిగితే ఒక క్వెరీ. అది దాటితే నెట్ ఆగదు, వడపోత ఆగుతుంది. పని అయ్యాక లాగ్‌లు ఆపెయ్. నాన్న ఏం చూస్తున్నారో మనకెందుకు.

మధిర_కుర్రాడు:
అయిపోయింది! రాత్రి గంటసేపు పట్టింది. పేరు వాట్సాప్‌లో పంపితే నాన్న కాపీ చేసి పెట్టారు, సేవ్ బటన్ నొక్కుడు పడలేదు. స్క్రీన్‌షాట్ తెప్పించి చూస్తే పేరు చివర ఒక ఖాళీ ఉంది. అది తీయించాక పడింది. మొత్తం పేరు చెరిపేశారేమోనని నాకు భయమేసింది, పాపం ఒక్కో అక్షరం చదివి వినిపించారు. తర్వాత యాప్ తెరవమని, ఇక్కడ లాగ్ చూస్తే క్రాష్ రిపోర్టుల సర్వర్ పేరు వరసగా ఎర్రగా పడుతోంది. దాన్ని అనుమతించి, ఫ్లైట్ మోడ్ ఒకసారి వేసి తీయించాను. చక్రం రెండు తిప్పులు తిరిగి పాత బిల్లులన్నీ వచ్చేశాయి. యాడ్స్ రావట్లేదు. లాగ్‌లు ఆపేశాను.

సత్తుపల్లి_రమ:
ఆ ఖాళీ సంగతి మంచి పాయింట్. ముందు హెచ్‌టీటీపీఎస్ తగిలించినా, పేరు బదులు ఐపీ అడ్రస్ ఇచ్చినా కూడా సేవ్ పడదు.

వైర్‌మ్యాన్:
మా ఆవిడ ఫోన్ శాంసంగ్. ఈ సెట్టింగ్ ఎక్కడుంటుందమ్మా?

సత్తుపల్లి_రమ:
కనెక్షన్స్‌లోకి వెళ్లి, కింద మోర్ కనెక్షన్ సెట్టింగ్స్ నొక్కండి అన్నా. అందులోనే ఉంటుంది.