రేంజ్‌ఫైండర్ కెమెరాకి 135 మి.మీ. టెలి లెన్స్ పెట్టాను, ఫోకస్ ప్యాచ్ కదలట్లేదు. 85 కొనాలా, 90 కొనాలా?

కృష్ణలంక: మధ్యాహ్నం నుంచి కుస్తీ పడుతున్నాను, తల వాచిపోతోంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన ఉంది, నా రేంజ్‌ఫైండర్‌తో (ఫైండర్‌లో రెండు బొమ్మలు ఒకటయ్యేలా ఫోకస్ చేసే ఫిల్మ్ కెమెరా) తీయాలి. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లేచిపడే అద్దం చప్పుడు హాల్లో వినిపిస్తుంది కాబట్టి ఇదే కావాలి. తెలిసినవాళ్ల దగ్గర 135 టెలి తెచ్చుకున్నాను. మర చక్కగా బిగిసింది. ఫోకస్ రింగు ఎంత తిప్పినా ఫైండర్‌లో రెండో బొమ్మ (అదే ఫోకస్ ప్యాచ్) మాత్రం కదలట్లేదు. లెన్స్ పోయిందా? టెన్షన్‌గా ఉంది, త్వరగా చెప్పండి.

బ్రాడీపేట: బాడీ ఏది? లెన్స్ మీద ఏం రాసుంది?

సత్యనారాయణపురం: 70-200 జూమ్ తీసుకోండి బ్రదర్, స్టేజికి అదే కరెక్ట్.

బ్రాడీపేట: ఆయన అడిగింది రేంజ్‌ఫైండర్ గురించి.

అరండల్‌పేట: అసలు అన్నిటినీ టెలి అనకూడదండి. లెన్స్ పొడవు ఫోకల్ లెంగ్త్ కన్నా తక్కువ ఉండేలా డిజైన్ చేస్తేనే టెలిఫోటో. లైకా ఎల్మార్ 90 ఎఫ్/4 ఉత్త లాంగ్ ఫోకస్, టెలి-ఎల్మరిట్ అసలైన టెలిఫోటో. ఇక 135 వాడాలంటే లైకా ఎం3 లాంటి బాడీ ఉండాలి. దాని ఫైండర్ లోపలే 50, 90, 135 లెన్స్‌లకి ఫ్రేమ్ గీతలు ఉంటాయి.

సత్యనారాయణపురం: షాపులో అందరూ టెలి అనే అంటారు సార్. అలా అడిగితేనే ఇస్తారు.

అరండల్‌పేట: అందరూ అన్నంత మాత్రాన సరైపోదు కదండీ.

కృష్ణలంక: జోర్కి-4 అండి, పాత రష్యన్ రేంజ్‌ఫైండర్. లెన్స్ జూపిటర్-11. మామూలు 50 పెడితే ప్యాచ్ బాగానే కదులుతోంది.

అరండల్‌పేట: జోర్కి అయితే ముఖ్యమైన సంగతి: ఫిల్మ్ వైండ్ చేశాకే స్పీడ్ డయల్ తిప్పాలి. ముందే తిప్పితే లోపల మెకానిజం దెబ్బతింటుంది. మంచి కెమెరాలు ఇలాగే పాడవుతున్నాయి. దయచేసి గుర్తుపెట్టుకోండి.

బ్రాడీపేట: లెన్స్ తీసి వెనక చూడండి. ఫోకస్ తిప్పితే ఇత్తడి రింగు ముందుకీ వెనక్కీ జరుగుతోందా?

కృష్ణలంక: అలాంటి రింగే లేదండి.

బ్రాడీపేట: అది జెనిట్ (రష్యన్ ఎస్‌ఎల్‌ఆర్) లెన్స్. మీదానికి పనికిరాదు.

పటమటలంక: కొంచెం వివరంగా చెప్తాను తమ్ముడూ. జెనిట్‌కీ జోర్కికీ మర ఒకటే, 39 మి.మీ. అందుకే బిగిసింది. జోర్కిలో మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి ఫిల్మ్‌కి దూరం 28.8 మి.మీ., జెనిట్‌లో మధ్యలో అద్దం ఉంటుంది కాబట్టి 45.2. నీ లెన్స్ ఫిల్మ్‌కి 16.4 మి.మీ. దగ్గరగా కూర్చుంది. ఈ లెన్స్‌తో బొమ్మలన్నీ మసకే వస్తాయి, రీలు వేస్ట్ చేయకు. నీ కెమెరా గొంతులో పైన చిన్న మీట ఉంటుంది చూడు. 50 వెనక రింగు దాన్ని నెడుతుంది కాబట్టే ప్యాచ్ కదులుతోంది.

స్టేజికైతే జూపిటర్-9 చూడు, 85 ఎఫ్/2 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది). అది కూడా జెనిట్‌కి వచ్చింది, కీవ్ కెమెరాకి వేరే మౌంట్‌లో వచ్చింది, కాబట్టి వెనక రింగు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. 135 ఎఫ్/4 దగ్గర 1/30 సెకను షట్టర్ స్పీడ్ వచ్చే వెలుతుర్లో ఎఫ్/2 దగ్గర 1/125 వస్తుంది. నాట్యానికి ఆ తేడా చాలా పెద్దది. జోర్కి రేంజ్‌ఫైండర్ బేస్ (ఫోకస్ చూసే రెండు కిటికీల మధ్య దూరం) 38 మి.మీ. మాత్రమే, 135 దాని మీద కష్టం. నట్టువాంగం వైపు మైకు స్టాండ్ నిలువు గీత మీద ఫోకస్ పెట్టుకుని, డాన్సర్ ఆ వరసలోకి వచ్చినప్పుడు నొక్కు. పది మీటర్ల నుంచి ఎఫ్/2లో కూడా సుమారు మీటరున్నర లోతు ఫోకస్‌లో ఉంటుంది.

అరండల్‌పేట: ఫైండర్ సంగతి? జోర్కిలో 85 గీతలు లేవు కదా.

పటమటలంక: కెమెరా పైన షూలో (ఫ్లాష్ బిగించే గాడి) పెట్టుకునే రష్యన్ తిరుగుడు ఫైండర్ ఉంది, 28 నుంచి 135 దాకా ఐదు కళ్లు.

సత్యనారాయణపురం: అది విజయవాడలో ఎక్కడ దొరుకుతుంది?

కృష్ణలంక: ఓకే అండి, థాంక్స్. 135 రేపు తిరిగి ఇచ్చేస్తాను.