తెర మీద అక్షరాలు ఎగిరితే కామిక్ సినిమా అయిపోతుందా?

మొదటి ఆట:
'స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్' (2010) మీద ఎప్పటినుంచో నానుతున్న గొడవ ఇక్కడ తేల్చుకుందాం. చూడనివాళ్లకి రెండు ముక్కల్లో కథ: టొరొంటోలో పనీపాటా లేకుండా బ్యాండులో గిటార్ వాయించుకునే 22 ఏళ్ల కుర్రాడు స్కాట్, రమోనా అనే అమ్మాయి మీద మనసు పడతాడు. ఆమెతో తిరగాలంటే ఆమె మాజీలు ఏడుగుర్నీ కొట్టి ఓడించాలి. ఓడినవాడు వీడియో గేములోలాగా చిల్లర నాణేలై రాలిపోతాడు. బ్రయాన్ లీ ఓమాలీ గీసిన ఆరు సంపుటాల కామిక్‌ని ఎడ్గర్ రైట్ సినిమాగా తీశాడు. బొమ్మల పుస్తకాన్ని తెర మీదికి తెచ్చిన యాక్షన్ కామెడీల్లో దీని తర్వాతే ఏదైనా అంటాను. కాదనేవాళ్లు రండి.

కరీంనగర్ పోరడు:
నేనైతే ఒప్పుకోనన్నా. బెల్లు కొడితే 'డింగ్ డాంగ్' అని అక్షరాలు, ఫోన్ మోగితే అక్షరాలు, గుద్దితే అక్షరాలు. 1966ల బ్యాట్‌మ్యాన్ సీరియల్ల గూడ 'పౌ' అని వేసిన్రు గదా, ఇండ్ల కొత్తేముంది? హీరో బాత్రూంకు పోతే పక్కన ఒక గీత పెట్టి, అది ఖాళీ అయితున్నట్టు చూపిచ్చుడు. ఒక్కసారి నవ్వొస్తది. రెండు గంటలు గదే లొల్లి ఉంటే తలకాయ నొస్తది.

మొదటి ఆట:
అక్షరాలు కాసేపు పక్కన పెట్టు తమ్మీ. అసలు పని అక్కడ జరగలేదు. ఒక్క షాటు గుర్తు చేసుకో. రమోనా కంటే ముందు నుంచీ స్కాట్‌తో తిరుగుతున్న నైవ్స్ అనే అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ ఇంటికొస్తుంది. రూమ్మేట్ వాలెస్ తలుపు తీస్తాడు. "స్కాట్ ఉన్నాడా?" అంటే, "ఇప్పుడే వెళ్లాడు" అంటాడు తాపీగా. ఆ మాట అంటుండగానే వెనకాల స్కాట్ కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని బయటికి దూకుతాడు. వాలెస్ మొహంలో ఈషణ్మాత్రం మార్పుండదు, కెమెరా కదలదు. ముందొకటి, వెనకొకటి, రెండూ ఒకే గడిలో. కామిక్ పేజీ మీద నవ్వు పుట్టేది సరిగ్గా ఇలాగే. ఒక్క అక్షరం ఎగిరిందా అక్కడ?

సీన్ల అతుకులు కూడా చూడు. నడక, బస్సెక్కడం, మెట్లెక్కడం ఏవీ ఉండవు. ఒక చోట మొదలెట్టిన మాట ఇంకో చోట పూర్తవుతుంది. పుస్తకంలో గడికీ గడికీ మధ్య ఖాళీని మనమే పూరించుకుంటాం కదా, ఆ పని ఇక్కడా మన చేతే చేయిస్తాడు. ఆంగ్ లీ 'హల్క్' (2003)లో తెరనే గళ్లు గళ్లుగా కోశాడు. గళ్లు మిగిలాయి, కామిక్ రాలేదు.

బొమ్మలూ గిమ్మలూ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మన బాపు గారు షూటింగుకి ముందే షాట్లన్నీ బొమ్మలేసుకుని దిగేవారు. ఆయన ఫ్రేము ఆపి చూస్తే పుస్తకంలో పేజీలాగే ఉంటుంది, మోత మోగించే అక్షరాల అవసరమే పడలేదు. ఆ లెక్కన మొదటి ఆట గారి మాటే రైటు. కాకపోతే బాపు గారు మనల్ని ఆ బొమ్మ ముందు కాస్త కూర్చోనిచ్చేవారు. ఈయన కూర్చోనివ్వడు, తరిమేస్తాడు.

పుస్తకమే ముందు:
తరమక ఏం చేస్తాడండీ? ఆరు సంపుటాల్ని 112 నిమిషాల్లో కుక్కాలి. నా ఫిర్యాదు అదే. డ్రమ్ము వాయించే కిమ్‌కీ స్కాట్‌కీ స్కూల్లో నడిచిన కథ పుస్తకంలో బోలెడుంది, సినిమాలో అది ఒకట్రెండు మాటలతో సరి. రమోనా మాజీల్లో ఇద్దరైన కటయనాగి కవలలు వస్తారు, కొట్టుకుంటారు, పోతారు. అన్నిటికంటే అన్యాయం రమోనాకి. ఆమె ఎందుకలా పారిపోతూ ఉంటుందో సినిమాకి పట్టలేదు, గెలుచుకునే బహుమతిగా నిలబెట్టేశారు.

ముగింపు సంగతీ చెప్పాలి. సినిమా తీసేనాటికి ఆఖరి సంపుటం రాలేదు. అది 2010 జులైలో వచ్చింది, సినిమా ఆగస్టు 13న. మొదట స్కాట్ నైవ్స్‌తో వెళ్లిపోయినట్టు తీసి, తర్వాత రమోనాతో వెళ్లినట్టు మార్చి తీశారు. హీరో ఎవరితో పోయినా నడిచిపోయే కథలో ఆ ఇద్దరమ్మాయిలకీ ఉన్న బరువెంత?

2023లో అదే తారాగణం గొంతులతో యానిమే సిరీస్ వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లోనే స్కాట్ మాయమైపోతాడు, రమోనా డిటెక్టివ్‌లా బయల్దేరుతుంది. ఓమాలీ స్వయంగా రచనలో ఉన్నాడు. సినిమా బాకీ అక్కడ తీర్చారనిపించింది నాకు.

టొరొంటో తెలుగు:
ఇక్కడుంటున్నవాడిగా ఒక మాట. ఈ ఊరు సినిమాల్లో ఎప్పుడూ న్యూయార్క్ వేషమే కడుతుంది. ఇందులో మాత్రం తన పేరుతోనే ఉంది. రమోనా మాజీల్లో ఒకడైన సినిమా హీరోగా క్రిస్ ఎవాన్స్ వచ్చే ఫైటు, ఇక్కడి కాసా లోమా అనే కోట దగ్గర జరుగుతుంది. న్యూయార్క్ బొమ్మ గీసిన తెర మీదికి స్కాట్‌ని విసిరేస్తే, చిరిగిన తెర వెనక టొరొంటో బయటపడుతుంది. ఇక్కడి జనం ఈలలు వేసే జోకు అది.

కరీంనగర్ పోరడు:
ఈలలు టొరొంటోల వేసిన్రేమో, పైసలైతే రాలే. ఆరు కోట్ల డాలర్లు పెడితే ఐదు కోట్లు గూడ రాలే. మొదటి వారం ఐదో నంబరు. ఆ వారం జనం 'ఎక్స్‌పెండబుల్స్'కు పోయిన్రు. కామిక్ తెలిసినోడికే నవ్వొచ్చే సినిమా అది, నాసొంటోడికి కాదు.

మొదటి ఆట:
నేను కామిక్ చదవకముందే సినిమా చూశాను, కిటికీ షాటుకి పడీపడీ నవ్వాను. అయినా కలెక్షన్లతో సినిమా బాగోగులు తేల్చేస్తే మన దగ్గర సగం మంచి సినిమాలు ఎగిరిపోతాయి. అక్షరాలకి కూడా ఒక పని ఉంది, చెప్తా విను. పాత్ర తెర మీదికి రాగానే పేరు, వయసు, రేటింగ్ ఉన్న చీటీ పడుతుంది. ఇంతమంది ఉన్న సినిమాలో ఒక్కొక్కర్నీ పరిచయం చెయ్యడానికి మాటలు పెడితే మొదటి గంట దానికే సరిపోతుంది. చీటీ రెండు సెకన్లలో ముగిస్తుంది. నువ్వన్న బాత్రూం గీత ఒట్టి వేషమే, అది నీకొదిలేస్తున్నా.

సిక్కోలు సిరి:
ఎవరూ ఎత్తని విషయం ఒకటి. మొదటి మాజీ మాథ్యూ పటేల్, మనవాడి పేరు. వాడు రాగానే బాలీవుడ్ తరహా పాట, చుట్టూ ఎగిరే దయ్యపు పిల్లలు. ఇండియన్ అనగానే డాన్సు కట్టించాలా?

పుస్తకమే ముందు:
అది రైట్ కల్పన కాదు సిరి గారూ, మొదటి సంపుటంలోనే ఉంది.

సిక్కోలు సిరి:
పుస్తకంలో ఉంటే సరైపోతుందా అండీ?

పుస్తకమే ముందు:
అనలేదు. యానిమేలో మాత్రం పటేల్ స్కాట్‌ని ఓడిస్తాడు, పెద్ద విలన్ గిడియన్‌ని దింపేసి వాడి సామ్రాజ్యం లాక్కుంటాడు, నాటకం కూడా పెడతాడు. గొంతు మళ్లీ సినిమాలో పటేల్‌గా వేసిన సత్యా భాభాదే. ఎనిమిది ఎపిసోడ్లు, చూడండి.

సిక్కోలు సిరి:
చూసొచ్చి చెప్తాను. అప్పటిదాకా నా మాట నాదే.